సొంత నౌకాదళం లేకుండానే జలసంధి మీద పట్టు: హూతీలు, ఇరాన్, ఎర్ర సముద్రం

విభాగం: అంతర్జాతీయ వ్యవహారాలు

సివిల్స్_సాధన · 11 ఆగస్టు 2025, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. జులై మొదటి పది రోజుల్లోనే మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే రెండు సరుకు ఓడల్ని యెమెన్‌లోని సాయుధ వర్గమైన హూతీలు ఎర్ర సముద్రంలో ముంచేశారు. అంతకుముందే అమెరికా మార్చి 15 నుంచి మే 6 వరకు యెమెన్ మీద ఎడతెరిపి లేకుండా దాడులు చేసింది. 2023 డిసెంబరు నుంచి ప్రాస్పరిటీ గార్డియన్ పేరుతో బహుళ దేశాల గస్తీ ఉంది, 2024 ఫిబ్రవరి నుంచి ఐరోపా సమాఖ్య గస్తీ ఆస్పిడెస్ ఉంది. ఇన్ని యుద్ధనౌకలు తిరుగుతున్నా నౌకాదళం అని చెప్పుకోదగ్గదేదీ లేని ఒక సాయుధ వర్గం ఇంత ముఖ్యమైన సముద్ర మార్గాన్ని ఎలా శాసిస్తోంది? ఇంకో సందేహం. ఇదంతా ఇరాన్ చెబితేనే జరుగుతోందా? అలా అయితే ఇరాన్‌కు దక్కేదేమిటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

పటం_ముందు · 11 ఆగస్టు, ఉదయం 9:25

ముందు పటం చూడాలి. ఎర్ర సముద్రానికి దక్షిణ వాకిలి అయిన బాబ్ ఎల్ మండెబ్ జలసంధి ఇరుకైన చోట దాదాపు 30 కిలోమీటర్ల వెడల్పు. మధ్యలో పెరిమ్ దీవి ఉండటంతో పెద్ద ఓడలు వెళ్లే దారి అంతకన్నా చిన్నది. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, జలసంధి ఒడ్డు అసలు హూతీల చేతిలో లేదు. మొఖా రేవు, పెరిమ్ దీవి వాళ్ల ప్రత్యర్థుల దగ్గరున్నాయి. హూతీలకున్నది ఇంకా ఉత్తరాన హొదైదా రేవు, దాని చుట్టుపక్కల తీరం, వెనక కొండలు. అదే సరిపోతోంది. లారీ మీద ఎక్కించిన క్షిపణిని కొండ మలుపులో నుంచి ప్రయోగించి, పది నిమిషాల్లో లారీని ఏ గుహలోకో తోలేస్తే దాన్ని వెతికి పట్టుకోవడం ఎవరి తరం?

రెండోది, జలసంధిని మూసేయాల్సిన పని వాళ్లకు లేదు. 2023 నవంబరు 19న హెలికాప్టర్‌లో దిగి గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకుపోయిన వీడియో ఒక్కటే ప్రపంచంలోని ఓడల యజమానులందరికీ చేరాల్సిన కబురు చేర్చింది. 2023లో సూయజ్ కాలువ దాటిన ఓడలు 26,434. మరుసటి ఏడాది 13,213. కాలువ మీద ఈజిప్టుకు వచ్చే రాబడి 1,025 కోట్ల డాలర్ల నుంచి 399 కోట్లకు పడిపోయింది. అంతగా దెబ్బతిన్న ఈజిప్టు హూతీల లక్ష్యం కానే కాదు.

బీమా_లెక్క · 11 ఆగస్టు, ఉదయం 10:50

పటం గారు చెప్పినదానికి కొనసాగింపుగా రాస్తున్నా. సముద్ర బీమా రంగంలో పని చేశాను కాబట్టి ఆ వైపు నుంచి చూస్తాను. ఓడ ఏ దారిన వెళ్లాలో చివరికి తేల్చేది యుద్ధనౌక కాదు, బీమా పత్రం.

ఓడకు మామూలు బీమా వేరు, యుద్ధ ముప్పు బీమా వేరు. లండన్ మార్కెట్‌లో జాయింట్ వార్ కమిటీ అని ఒకటుంది. ప్రమాదకరం అనుకున్న సముద్ర ప్రాంతాల జాబితా అది ప్రకటిస్తుంది. ఆ ప్రాంతంలోకి వెళ్లే ముందు యజమాని బీమాదారుకు చెప్పి, అదనపు ప్రీమియం కట్టాలి. సాధారణంగా ఏడు రోజులకు ఇస్తారు. ఇప్పుడు లెక్క చూడండి. ఓడ విలువ 5 కోట్ల డాలర్లు అనుకుందాం. ప్రీమియం 0.05 శాతం ఉంటే కట్టాల్సింది 25 వేల డాలర్లు. సంక్షోభానికి ముందు ఇంచుమించు అలాగే ఉండేది. 2024 ఆరంభంలో అది 0.7 నుంచి 1 శాతం దాకా ఎగబాకింది. అంటే ఒక్కసారి దాటడానికి మూడున్నర లక్షల నుంచి ఐదు లక్షల డాలర్లు. ఓడ కొత్తదై విలువ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ.

ఒక డ్రోన్ గురి తప్పి నీళ్లలో పడ్డా ఆ ప్రీమియం తగ్గదు. దాడి చేసేవాడికి కావలసింది అదే. వందలో ఒక్కటి తగిలినా చాలు, మిగతా తొంభై తొమ్మిది ఓడల లెక్క మారిపోతుంది. సైనికంగా ఓడిపోతూనే వాణిజ్యపరంగా గెలవొచ్చు అన్నది ఇక్కడే తేలింది.

ఎర్ర సముద్రం వదిలి ఆఫ్రికా దక్షిణాన కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టి వెళ్తే ఆసియా నుంచి ఉత్తర ఐరోపాకు 10 నుంచి 14 రోజులు ఎక్కువ. ఇంధనం ఖర్చు పెరుగుతుంది. అయితే కాలువ సుంకం, యుద్ధ బీమా రెండూ మిగులుతాయి. పైగా దారి పొడవైతే ప్రపంచంలోని ఓడలన్నీ ఎక్కువ రోజులు సముద్రంలోనే ఉంటాయి, ఖాళీ ఓడలు దొరకవు, కిరాయి పెరుగుతుంది. 2024లో పెద్ద కంటైనర్ కంపెనీలు మంచి లాభాలే చూశాయి. కాబట్టి తిరిగి ఎర్ర సముద్రంలోకి వెళ్లాలన్న తొందర వాళ్లకు పెద్దగా లేదు. భారం మోసింది సరుకు పంపేవాళ్లు, కొనేవాళ్లు, ఈజిప్టు ఖజానా.

లంగరు · 11 ఆగస్టు, మధ్యాహ్నం 2:15

లెక్కలు బాగా చెప్పారు. ఓడ మీద అది ఎలా ఉంటుందో నేను రాస్తాను. 2024 ఆరంభంలో బల్క్ క్యారియర్‌లో (విడి సరుకు మోసే ఓడ) సెకండ్ ఆఫీసర్‌గా ఆ దారిన వెళ్లాను.

మా ఓడకు ఏఐఎస్ అనే పరికరం ఉంటుంది. ఓడ పేరు, వేగం, గమ్యం చుట్టుపక్కల ఓడలన్నిటికీ కనిపిస్తాయి. గమ్యం రాయాల్సిన గడిలో ఆ రోజుల్లో ఓడలు ఏమేం రాసుకున్నాయో తెరమీద చూస్తే గుండె బరువెక్కేది. ఒక ఓడ "ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు" అని రాసుకుంది. ఇంకోటి "సిబ్బంది అంతా చైనీయులు" అని. మరోటి "సిబ్బంది అంతా ముస్లింలు" అని. రేవు పేరు ఉండాల్సిన చోట ప్రాణభిక్ష కోరుతున్నారన్నమాట. మేం ఏఐఎస్ ఆపేసి రాత్రి దాటాం. ఆపేస్తే శత్రువుకు కనపడమనే భరోసా లేదు, తీరంలో రాడార్లున్నాయి, చేపల పడవల్లో కళ్లున్నాయి. పైగా మన ఓడ ఎవరిదో వాళ్లు తేల్చుకోలేక తప్పుగా అనుకునే ప్రమాదం కూడా ఉంది. ఆపాలా, ఉంచాలా అన్నది ఏ కెప్టెన్‌కూ తేలిక నిర్ణయం కాదు.

ఓడలన్నీ వినే రేడియో వీహెచ్ఎఫ్ 16వ ఛానల్‌లో "యెమెన్ నౌకాదళం" అని చెప్పుకుంటూ ఒక గొంతు వచ్చేది. దారి మార్చమని ఆదేశం. పలకాలా వద్దా అని ఓడ నడిపే బ్రిడ్జి మీద ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇంకో సంగతి. సోమాలియా దొంగల కాలం నుంచి మాకు నేర్పింది, ప్రమాదం వస్తే ఓడ అడుగున ఇంజిన్ రూమ్‌లోనో స్టీరింగ్ గేర్ గదిలోనో తలుపులు బిగించుకుని దాక్కోమని. కానీ మనిషి లేని పేలుడు పడవ వచ్చి తగిలేది సరిగ్గా నీటిమట్టం దగ్గర. 2024 జూన్‌లో ట్యూటర్ అనే ఓడకు అలాగే తగిలింది, ఇంజిన్ రూమ్‌లో ఉన్న ఫిలిప్పీన్స్ నావికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. అందుకే నీటిమట్టానికి పైన, ఓడ మధ్యలో చేరమన్నారు. దొంగలు వస్తే కిందికి పోవాలి, డ్రోన్ పడవ వస్తే పైకి పోవాలి. చీకట్లో రాడార్ మీద ఒక చుక్క కనిపిస్తే అది ఏదో ఎవరు చెప్పగలరు?

సివిల్స్_సాధన · 11 ఆగస్టు, సాయంత్రం 5:05

లంగరు గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. జాగ్రత్తగా ఉండండి.

ఇరాన్ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఎవరైనా చెబుతారా?

ఎడారిగాలి · 11 ఆగస్టు, రాత్రి 8:30

నేను అరబ్ దేశాల రాజకీయాలు ఏళ్ల తరబడి చదువుతున్నాను. హూతీలను ఇరాన్ చేతిలో కీలుబొమ్మలుగా చూడటం నాకు సమ్మతం కాదు. వాళ్లు ఉత్తర యెమెన్‌లోని సాదా ప్రాంతపు జైదీ షియా ముస్లింలు. ప్రభుత్వంతో వాళ్ల పోరు 2004లోనే మొదలైంది, అప్పటికి ఇరాన్ పాత్ర నామమాత్రం. 2014 సెప్టెంబరులో రాజధాని సనాను పట్టుకున్నారు. 2015 మార్చిలో సౌదీ కూటమి బాంబు దాడులు మొదలుపెట్టాకే ఇరాన్ మీద ఆధారపడటం బాగా పెరిగింది. అంటే బంధాన్ని గట్టిపరిచింది వాళ్ల శత్రువే.

గాజా యుద్ధం మొదలయ్యాక ఓడల మీద పడటం వెనక వాళ్ల సొంత అవసరాలు బలంగా ఉన్నాయి. వాళ్ల పాలనలో ఉద్యోగులకు జీతాల్లేవు, జనంలో అసంతృప్తి ఉంది. పాలస్తీనా పేరు చెప్పి నిలబడితే యెమెన్‌లోనే కాదు, అరబ్ ప్రపంచమంతా పేరొస్తుంది. టెహ్రాన్ నుంచి ఫోన్ రాకపోయినా వాళ్లు ఆ పని చేసేవాళ్లే.

ఇరాన్ పూర్తిగా నడిపిస్తుంటే 2024 మార్చిలో హువాంగ్ పు అనే చైనా వాళ్ల ట్యాంకర్ మీద క్షిపణి ఎందుకు పడుతుంది? ఇరాన్ చమురు కొనేది ప్రధానంగా చైనాయే కదా. ఏప్రిల్‌లో ఆండ్రోమెడా స్టార్ మీద దాడి చేశారు. అది రష్యాలోని ప్రిమోర్స్క్ నుంచి మన గుజరాత్‌లోని వాడినార్‌కు చమురు తెస్తున్న ఓడ. రష్యా ఇరాన్‌కు మిత్రదేశం. ఓడలు చేతులు మారినా పాత యజమాని వివరాలు చూసి గురిపెట్టారని అప్పట్లో నౌకా రంగంలో అనుకున్నారు.

పటం_ముందు · 11 ఆగస్టు, రాత్రి 9:10

ఎడారిగాలి గారూ, నిర్ణయం వాళ్లదే కావచ్చు, కాదనను. కానీ ఆ నిర్ణయాన్ని అమలు చేసే సామర్థ్యం ఎక్కడిది? యుద్ధంలో ఓడల మీద బాలిస్టిక్ క్షిపణులు వాడింది చరిత్రలో మొదట హూతీలే. జీతాలివ్వలేని పాలన అంతటి పనిముట్టును సొంతంగా తయారు చేసుకుందంటే నమ్మలేం. 2024 జనవరి 11న సోమాలియా తీరంలో అమెరికా కమాండోలు ధౌ అనే రకం చిన్న పడవను ఆపినప్పుడు అందులో క్షిపణి వార్‌హెడ్‌లు, ఇంజిన్ భాగాలు దొరికాయి. ఆ పనిలో ఇద్దరు కమాండోలు సముద్రంలో పడి చనిపోయారు. 2015 నాటి 2216వ తీర్మానంతో భద్రతా మండలి హూతీలకు ఆయుధాలు అందకుండా నిషేధం పెట్టింది. అయినా ఇవి వస్తున్నాయి, విడిభాగాలుగా, చేపల పడవల్లో. వాటిని బిగించడం నేర్పినవాళ్లూ వచ్చారు.

సమాచారం సంగతీ అంతే. బెహ్‌షాద్ అనే ఇరాన్ ఓడ ఆ ప్రాంతంలోనే లంగరేసి నెలల తరబడి ఉంది. పేరుకు సరుకు ఓడ. ఓడల కదలికలు కనిపెట్టి హూతీలకు చేరవేస్తోందని అమెరికా ఆరోపించింది.

నా ఉద్దేశంలో ఇరాన్ ట్రిగ్గర్ నొక్కదు, తుపాకీ ఇస్తుంది. ఎప్పుడు పేల్చాలో చెప్పకపోవడమే దానికి లాభం. అడిగితే "వాళ్ల ఇష్టం, మాకేం సంబంధం" అనొచ్చు. నిజానికి అది సగం నిజం కూడా, కాబట్టి ఆ మాటను ఎవరూ అబద్ధమని నిరూపించలేరు.

ఎడారిగాలి · 11 ఆగస్టు, రాత్రి 9:45

తుపాకీ ఇచ్చినవాడు దాన్ని తిరిగి తీసుకోగలడా? నా అభ్యంతరమంతా అక్కడే. ఇస్తున్నంత కాలం పట్టు ఉంటుంది. ఇచ్చేశాక, బిగించడం వాళ్లే నేర్చుకున్నాక ఆ పట్టు సన్నగిల్లుతుంది. జూన్‌లో ఇరాన్ స్వయంగా పన్నెండు రోజులు యుద్ధంలో దెబ్బలు తింది. ఆ తర్వాత కొద్ది రోజులకే హూతీలు రెండు ఓడల్ని ముంచారు. పోషకుడు బలహీనపడితే వీళ్లు చల్లబడతారనుకున్నవాళ్ల అంచనా తలకిందులైంది.

పాతపుటలు · 12 ఆగస్టు, ఉదయం 7:20

ఈ పోషకుడు, సేన మధ్య లాగుడు మన తీరంలో 400 ఏళ్ల కిందటే నడిచింది. పోర్చుగీసువాళ్లు వచ్చాక అరేబియా సముద్రంలో తిరిగే ప్రతి ఓడా వాళ్ల దగ్గర కార్తాజ్ అనే అనుమతి పత్రం కొనాలన్నారు. అది లేని ఓడను పట్టుకునేవాళ్లు, తగలబెట్టేవాళ్లు. కాలికట్ పాలకుడు జామొరిన్‌కు వాళ్లను ఎదిరించే నౌకాబలం కుంజాలి మరక్కార్లు అనే నావికా నాయకులు ఇచ్చారు. చిన్న వేగవంతమైన పడవలతో మీదపడి, లోతులేని నీళ్లలోకి తప్పించుకోవడం వాళ్ల పద్ధతి. పెద్ద పోర్చుగీసు ఓడలు వెంటాడలేకపోయేవి. కాలం గడిచేకొద్దీ మరక్కార్ల బలం, కోట, పేరు పెరిగాయి. నాలుగో కుంజాలి తన ప్రభువును లెక్కచేయడం మానేశాడు. చివరికి జామొరిన్ ఆ పోర్చుగీసువాళ్లతోనే చేతులు కలిపి అతని కోటను ముట్టడించాడు. 1600లో లొంగిపోయిన కుంజాలిని గోవా తీసుకెళ్లి తల నరికారు.

ఐరోపాలో కూడా రాజులు ప్రైవేటు ఓడలకు పత్రాలిచ్చి శత్రువుల వర్తకాన్ని కొల్లగొట్టించేవాళ్లు. 1856 పారిస్ ప్రకటనతో ఆ పద్ధతిని రద్దు చేశారు. అప్పుడు పత్రం ఉండేది కాబట్టి ఎవరిది బాధ్యతో తెలిసేది. ఇప్పుడు పత్రమే లేదు.

బాబ్ ఎల్ మండెబ్‌లోనూ ఇది తొలిసారి కాదు. 1971 జూన్‌లో పాలస్తీనా సాయుధులు వేగపు పడవలో వచ్చి, ఇజ్రాయెల్‌కు చమురు తీసుకెళ్తున్న కోరల్ సీ అనే ట్యాంకర్ మీద రాకెట్లు పేల్చారు. 1984లో ఎర్ర సముద్రంలో ఎవరో మైన్లు వదిలారు, 19 ఓడల దాకా దెబ్బతిన్నాయి. ఘాట్ అనే లిబియా ఓడ మీద అనుమానం బలంగా పడింది. లిబియా ఒప్పుకోలేదు.

తూర్పుగట్టు · 12 ఆగస్టు, ఉదయం 9:00

చైనా సంగతి ఎవరూ ఎత్తలేదే? దక్షిణ చైనా సముద్రంలో చేపల పడవల రూపంలో ఉన్న సముద్ర మిలీషియా కూడా ఇదే కోవలోకి రాదా? 2012లో స్కార్‌బరో షోల్ దగ్గర అవి కనిపించాయి, 2021 మార్చిలో విట్సన్ రీఫ్ దగ్గర 200 పైచిలుకు పడవలు ఒకదానికొకటి కట్టేసుకుని వారాల తరబడి నిలబడ్డాయి. చేపలు పట్టిందేమీ లేదు.

పటం_ముందు · 12 ఆగస్టు, ఉదయం 9:40

పోలిక కొంతవరకే. ఆ పడవలకు ఇంధనం, జీతం, ఆదేశం అన్నీ చైనా ప్రభుత్వానివే. వాటికి సొంత లక్ష్యాలు లేవు, ఎదురుతిరిగే ప్రశ్నా లేదు. పైగా అవి వర్తక ఓడల్ని ఆపడం లేదు, పొరుగు దేశాల జాలర్లను, కోస్ట్‌గార్డ్‌ను నెట్టేస్తున్నాయి. అది వేరే చర్చ మొదలుపెట్టి మాట్లాడుకుందాం.

సివిల్స్_సాధన · 12 ఆగస్టు, ఉదయం 11:15

ఇరాన్ ఒక్కటేనా ఇలా చేస్తున్నది? గల్ఫ్ దేశాలకు ఇలాంటి సేనలు లేవా?

ఎడారిగాలి · 12 ఆగస్టు, మధ్యాహ్నం 1:30

ఎందుకు లేవు, యూఏఈని చూడండి. 2015లో ఎరిట్రియాలోని అస్సాబ్‌లో స్థావరం పెట్టుకుంది, యెమెన్ యుద్ధాన్ని అక్కడి నుంచి నడిపి 2021లో ఖాళీ చేసింది. దక్షిణ యెమెన్‌లో వేర్పాటువాదుల దక్షిణ పరివర్తన మండలికి అండగా నిలిచింది. ఆ మండలి బలగాలు 2020 జూన్‌లో సొకోత్రా దీవిని చేజిక్కించుకున్నాయి. మొఖాలో హూతీ వ్యతిరేక నాయకుడు తారిక్ సాలెహ్ బలగాలకూ దాని మద్దతే ఉండేది. పెరిమ్ దీవి మీద కొత్త రన్‌వే వెలిసింది. ఎదురుగా సోమాలిలాండ్‌లోని బెర్బెరా రేవును దుబాయ్‌కి చెందిన రేవుల కంపెనీ డీపీ వరల్డ్ నడుపుతోంది. వరసగా కలిపితే గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌కు రెండు వైపులా ఒక గొలుసు కనిపిస్తుంది.

తేడా ఒకటుంది. యూఏఈ అండ ఉన్నవాళ్లు ఓడల మీద కాల్పులు జరపరు. రేవులు, దీవులు, రన్‌వేలు పట్టుకుని కూర్చుంటారు. సముద్ర వర్తకం మీద బతికే దేశానికి దారి తెరిచి ఉండటమే లాభం, తాళంచెవి మాత్రం తన దగ్గరుండాలి. ఇరాన్‌ది తద్విరుద్ధం. ఆంక్షల వల్ల ఆ వర్తకంలో దానికి వాటా తక్కువ, కాబట్టి దారి చెడినా పోగొట్టుకునేది తక్కువే. అయినా రెండు చోట్లా యెమెన్ జనానిదే నష్టం, సొంత తీరం మీద సొంత ప్రభుత్వానికి హక్కు లేకుండా పోయింది. నాకు బాధ కలిగించేది అదే.

మధ్యధరాలో తుర్కియేది ఇంకో పద్ధతి. 2019 నవంబరులో లిబియాలోని ట్రిపోలీ ప్రభుత్వంతో సముద్ర సరిహద్దు ఒప్పందం చేసుకుంది, ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టడానికి సిరియా యోధుల్ని పంపింది. దాని ప్రత్యర్థి, లిబియా సైనిక నాయకుడు హఫ్తర్ వైపు రష్యాకు చెందిన వాగ్నర్ కిరాయి సైనికులు పోరాడారు.

బీమా_లెక్క · 12 ఆగస్టు, మధ్యాహ్నం 3:00

ఎడారిగాలి గారు ఇరాన్ గురించి అన్నదానికి హర్మూజ్ జలసంధితో పోల్చి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 2024లో హర్మూజ్‌లో రోజుకు దాదాపు 2 కోట్ల బ్యారెళ్ల చమురు కదిలింది, ప్రపంచ వాడకంలో ఐదో వంతు. ఇరాన్ చమురు బయటికి రావాల్సిందీ అక్కడి నుంచే. దాన్ని మూస్తే తన గొంతు తానే పిసుక్కున్నట్టు. అందుకే అక్కడ ఇరాన్ సైన్యంలోని రివల్యూషనరీ గార్డ్స్ స్వయంగా, ఒకటీ అరా ఓడను పట్టుకుని బేరమాడుతూ వచ్చింది. 2019 జులైలో స్టెనా ఇంపెరో ట్యాంకర్‌ను పట్టుకుంది, అంతకు రెండు వారాల ముందు జిబ్రాల్టర్‌లో బ్రిటన్ తన ట్యాంకర్‌ను పట్టుకున్నందుకు బదులు. 2024 ఏప్రిల్‌లో ఎంఎస్‌సీ ఏరీస్, అందులోని 25 మందిలో 17 మంది భారతీయులు.

బాబ్ ఎల్ మండెబ్ అలా కాదు. ఇరాన్ చమురు ప్రధానంగా తూర్పుకు, చైనాకు పోతుంది. ఎర్ర సముద్రం అట్టుడికినా దాని బ్యారెళ్లు ఆగవు.

ఇంకో మెలిక గమనించండి. హర్మూజ్ మీద ఆధారపడకూడదని సౌదీ తూర్పు నుంచి పడమరకు పైప్‌లైన్ వేసి ఎర్ర సముద్రం ఒడ్డున యాన్బు రేవుకు చమురు చేర్చుకుంది. యాన్బులో నింపుకున్న ట్యాంకర్ ఆసియాకు రావాలంటే మళ్లీ బాబ్ ఎల్ మండెబ్ దాటాలి. ఒక తలుపు ఇరాన్ ఎదుట ఉంది, రెండో తలుపు దగ్గర ఇరాన్ ఆయుధాలున్నవాళ్లు కూర్చున్నారు. 2018 జులైలో రెండు సౌదీ ట్యాంకర్ల మీద దాడి జరిగినప్పుడు సౌదీ కొన్ని రోజులు ఆ దారిన చమురు పంపడమే ఆపేసింది. గాజాకు, దానికి సంబంధం లేదు. ఈ పట్టు అంతకు ముందు నుంచే ఉంది.

సివిల్స్_సాధన · 12 ఆగస్టు, సాయంత్రం 4:20

ఇప్పుడు బోధపడింది. మరి అంత బాంబు దాడి చేసి కూడా అమెరికా ఎందుకు ఆపలేకపోయింది?

పటం_ముందు · 12 ఆగస్టు, సాయంత్రం 6:00

ఖర్చు ఒక కారణం. కొన్ని వేల డాలర్ల డ్రోన్‌ను కూల్చడానికి విధ్వంసక నౌక నుంచి వదిలే ఒక్కో క్షిపణి ఖరీదు 20 లక్షల డాలర్ల చుట్టుపక్కల. అవి అయిపోతే సముద్రం మధ్యలో నింపుకోవడం కుదరదు, రేవుకు వెళ్లాలి. ట్రూమన్ విమానవాహక నౌక ఒక్కటే ఆ మోహరింపులో మూడు ఎఫ్-18 విమానాలను పోగొట్టుకుంది. ఒకదాన్ని పొరపాటున సొంత పక్షం నౌకే కూల్చింది.

అంతకన్నా పెద్ద కారణం హొదైదా. ఉత్తర యెమెన్‌కు వచ్చే తిండిగింజలు, మందులు, ఇంధనంలో ఎక్కువ భాగం ఆ రేవు నుంచే దిగాలి. 2018లో సౌదీ కూటమి బలగాలు ఆ ఊరి పొలిమేరల దాకా వచ్చాయి. రేవు దెబ్బతింటే కరువు ముంచుకొస్తుందని ప్రపంచం భయపడింది, డిసెంబరులో స్టాక్‌హోమ్ ఒప్పందంతో దాడి ఆగింది. ఆ భయం నిజమైనదే. కోట్లమంది ఆకలి మీద నిలబడ్డ రేవు అది. కానీ దాని ఫలితంగా తీరం హూతీల చేతిలోనే మిగిలింది. తీరం తీసుకోకుండా ఆకాశం నుంచి క్షిపణి లారీల్ని వేటాడటం అంతులేని పని.

చివరికి మే 6న ఒమన్ మధ్యవర్తిత్వంతో కుదిరిందేమిటి? అమెరికా ఓడల జోలికి హూతీలు రారు, అమెరికా బాంబులు వేయదు. మిగతా జెండాల సంగతి అందులో లేదు. జులైలో మునిగిన రెండూ లైబీరియా జెండా కింద గ్రీకు కంపెనీలు నడిపే ఓడలు. సముద్రం అందరిదీ అన్న సూత్రం పోయి, ఎవరి ఓడకు వాళ్లు బేరం కుదుర్చుకునే పద్ధతి వచ్చేసింది. నన్ను అడిగితే ఈ రెండేళ్లలో జరిగిన అతి పెద్ద నష్టం ఇదే. దారి మూస్తే ప్రపంచమంతా ఏకమై వస్తుంది. ఎవరు వెళ్లొచ్చో, ఎవరు వెళ్లకూడదో ఏరుతూ పోతే ఎవరికి వాళ్లు విడివిడిగా వచ్చి మాట్లాడుకుంటారు. 2024 జనవరిలో ఓడల మీద దాడుల్ని ఖండిస్తూ భద్రతా మండలి 2722వ తీర్మానం చేసినప్పుడు రష్యా, చైనా వీటో చేయలేదు, ఓటేయకుండా ఊరుకున్నాయి.

పాతపుటలు · 12 ఆగస్టు, సాయంత్రం 6:35

అనుమతి పత్రం అన్నాను కదా. హూతీలు 2024లో మానవతా కార్యకలాపాల సమన్వయ కేంద్రం అని పేరు పెట్టి ఓడల కంపెనీలకు ఈమెయిళ్లు పంపడం మొదలెట్టారు. ఏ ఓడలు నిషిద్ధమో, ఏవి వెళ్లొచ్చో అందులో చెబుతారు. సురక్షితంగా పోనివ్వడానికి రుసుము వసూలు చేస్తున్నారనీ, అది నెలకు 18 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చనీ కొన్ని వర్గాలు చెప్పినట్టు ఐరాస నిపుణుల బృందం అదే ఏడాది నివేదికలో రాసింది. స్వతంత్రంగా నిర్ధారించలేకపోయామని కూడా వాళ్లే రాశారు. అంకె సంగతి ఎలా ఉన్నా, పోర్చుగీసు కార్తాజ్‌కు దీనికి తేడా నాకు కనిపించడం లేదు.

లంగరు · 12 ఆగస్టు, రాత్రి 10:10

దేశాల లాభనష్టాలు అన్నీ రాశారు. ఓడల్లో ఉన్నది ఎవరో కూడా రాయండి. 2024 మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ మీద క్షిపణి పడితే చనిపోయింది ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్లు, ఒక వియత్నాం అతను. మిగిలినవాళ్లను మన ఐఎన్ఎస్ కోల్‌కతా కాపాడింది. జనవరిలో మార్లిన్ లువాండా ట్యాంకర్ తగలబడినప్పుడు అందులో 22 మంది భారతీయులు. ఇట్టే మండే నాఫ్తా నింపిన ఓడ అది, ఆ మంటను ఊహించండి. ఐఎన్ఎస్ విశాఖపట్నం నుంచి మనవాళ్లు వెళ్లి సిబ్బందితో కలిసి ఆర్పారు. గెలాక్సీ లీడర్‌లోని 25 మంది 2025 జనవరి దాకా బందీలుగానే ఉన్నారు. బల్గేరియా, ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్, మెక్సికో, రుమేనియా మనుషులు. గాజాకో టెహ్రాన్‌కో వాళ్లలో ఒక్కరికైనా ఏం సంబంధం?

మనదేశం ప్రాస్పరిటీ గార్డియన్‌లో చేరలేదు, సొంతంగా యుద్ధనౌకలు పెట్టింది. ఏ జెండా ఓడ పిలిచినా వెళ్లింది. ఆ రోజుల్లో 16వ ఛానల్‌లో మన నౌకాదళం గొంతు వినిపిస్తే ఎంత ధైర్యమొచ్చేదో మాటల్లో చెప్పలేను.

దక్షిణ ఎర్ర సముద్రాన్ని యుద్ధ ప్రాంతంగా ప్రకటించాక, నావికుల ఒప్పందం వర్తించే ఓడల్లో అక్కడికి వెళ్లనని చెప్పే హక్కు మాకు ఉంది. వెళ్తే ఆ రోజులకు మూల వేతనం రెట్టింపు, పోతే ఇంటికిచ్చే పరిహారమూ రెట్టింపు. కాగితం మీద బాగుంది. నేను పనిచేసిన చోట అంగీకార పత్రం మా చేతికొచ్చింది సూయజ్ దాటాక. అప్పుడు "వెళ్లను" అంటే దిగేది ఎక్కడ? జూనియర్ కుర్రాళ్లయితే తర్వాతి కాంట్రాక్టు రాదేమోనని నోరెత్తలేదు. హక్కు ఇవ్వడమంటే దాన్ని వాడుకునే రేవులోనే అడగాలి. ఈ చర్చ చదివే నావికులెవరైనా ఉంటే, ఓడ ఎక్కేముందే అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

సివిల్స్_సాధన · 13 ఆగస్టు, ఉదయం 8:15

లంగరు గారూ, ఆ చివరి పేరా మా తమ్ముడికి పంపించాను, వాడు డెక్ క్యాడెట్‌గా చేరబోతున్నాడు. చివరగా ఒకటే అడుగుతాను. ఓడలు మళ్లీ ఈ దారిన ఎప్పుడు వస్తాయి, దేన్ని చూసి తెలుసుకోవాలి?

బీమా_లెక్క · 13 ఆగస్టు, ఉదయం 10:30

కాల్పుల విరమణ ప్రకటనలు చూసి అంచనా వేయకండి. 2025 మే నుంచి మూడు నెలల పాటు పెద్ద కంటైనర్ ఓడలకు 15 శాతం రాయితీ ఇస్తామని సూయజ్ అధికారులు ప్రకటించారు. ఓడలు వెనక్కి రాలేదు. మెర్స్క్, హాపాగ్-లాయిడ్ కంపెనీలు కలిసి 2025 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన జెమినీ సర్వీసుల టైమ్‌టేబుల్ మొత్తం కేప్ చుట్టూ అల్లుకున్నదే. ఫ్రెంచి కంపెనీ సీఎంఏ సీజీఎం మాత్రం తమ నౌకాదళం తోడుతో కొన్ని ఓడల్ని ఎర్ర సముద్రంలోనే నడుపుతూ వచ్చింది.

నేనైతే రెండు చూస్తాను. ఒకటి, యుద్ధ ముప్పు ప్రీమియం శాతం నెలల తరబడి కింద ఉంటుందా అని. జులై దాడుల తర్వాత మళ్లీ పైకి లేచింది. రెండోది జెమినీ టైమ్‌టేబుల్. ఒక్క ఓడ దారి మార్చుకోవడం సులువు, వందల ఓడల వారపు సర్వీసును మార్చడానికి నెలలు పడుతుంది, మార్చాక ఒక్క దాడి జరిగితే మళ్లీ అంతా తిరగరాయాలి. అంత నమ్మకం కుదిరినప్పుడే వాళ్లు మారుస్తారు.

లంగరు · 13 ఆగస్టు, మధ్యాహ్నం 12:05

బీమా గారు చెప్పింది సరైన మాట. మీ తమ్ముడికి ఇంకోటి కూడా చెప్పండి సాధన గారూ. కేప్ దారి అంటే హాయిగా ఉంటుందనుకోవద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం, అలలు చాలా పెద్దవి, కంటైనర్లు సముద్రంలో పడిపోయిన సందర్భాలున్నాయి. కంటైనర్లను బిగించి కట్టే లాషింగ్ పని ఒళ్లు దాచుకోకుండా నేర్చుకోమనండి.